తవుడుకు కొన్న పిల్ల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట అన్నది మా అత్తగారు కాదు, మా ఆయన కాదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు పక్కనున్న మూడు వీధులు అన్నాయి. ఆ వీధులకు నేను ఆశ కార్యకర్తను. కడుపుతో ఉన్నవాళ్లను దవాఖానకు తోలుకుపోవడం, కాన్పయి ఇంటికొచ్చాక తల్లినీ పిల్లనూ చూసి రావడం నా పని. పుట్టిన పిల్లకు తేనె నాకించినా, బొడ్డుకు బూడిద అద్దినా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకసారి ఒక గడప ముందు చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి "ఆశమ్మ వచ్చింది, ఆముదం సీస దాయిండ్రి" అన్న మాట వినబడింది. విననట్టే లోపలికి పోయి, బియ్యం డబ్బా వెనక నుంచి ఆ సీసా బయటికి తీశాను.

అంతటి దాన్ని నేను ఒక పసిపిల్లను చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నాను. మూఢనమ్మకాలు మానండని గొంతు చించుకునే ఈ నోటితోనే బేరమాడి మరీ కొన్నాను. మా సమావేశాల్లో ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దాచుకోవడం నా వల్ల కావడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు తెల్లవారుతుండగానే తెప్ప వేసుకుని చెరువులోకి పోయి వలలు తీస్తాడు. కోడలు ఇంటి దగ్గర తెగిన వలలు అల్లుతుంది. తల్లి ఆ చేపల్ని గంపలో పెట్టుకుని సాగర్ రోడ్డు పక్కన అమ్ముతుంది. ఆమెను అందరూ అవ్వ అనే పిలుస్తారు, నేనూ అంతే. అవ్వ చెయ్యి గురించి చెప్పాలి. బొచ్చె చేపను తోక పట్టుకుని ఒక్కసారి పైకెత్తి "కిలో రెండువందలు" అన్నదంటే కాంటా కూడా అదే చెబుతుంది. మన్నెగూడ వైపు నుంచి కార్లలో వచ్చే గిరాకీలు నమ్మకుండా తూకం వేయించి, తల గోక్కుంటూ పోవడం నేను చాలాసార్లు చూశాను.

అంతకు రెండేళ్ల ముందు ఆ ఇంట్లో ఒక కొడుకు పుట్టాడు. కోడలి తల్లిగారిల్లు కోహెడ దగ్గర. నెలలు నిండకుండానే అక్కడ పుట్టి, అయిదోనాడు అక్కడే పోయాడు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. అప్పటి నుంచి ఆ కోడలు నవ్వగా నేను చూడలేదు. పలకరిస్తే పలికేది, నీళ్లిచ్చేది, మళ్లీ వల ముందర కూర్చునేది.

రెండో కాన్పు కూడా ఎనిమిదో నెలలోనే వచ్చింది. ఈసారి నేను ముందే కాచుకుని ఉన్నాను కాబట్టి నగరంలోని పెద్ద దవాఖానలో అయింది. ఆడపిల్ల. పుట్టినప్పుడు కిలోన్నర. పసిపిల్లల వార్డులో మూడు వారాలు పెట్టుకుని ఇంటికి పంపారు. పంపేటప్పుడు నర్సమ్మ నాతో ఫోన్లో మాట్లాడింది. పిల్లను రోజంతా తల్లి ఎదకు ఆనించి కట్టాలి, వారం వారం తూకం చూడాలి, రెండున్నర కిలోలు దాటేదాకా కన్ను తీయొద్దు అంది. ఈ పిల్ల బతకాలి. నాకైనా, ఆ ఇంటికైనా అప్పుడు అంతకు మించి ఇంకో మాట లేదు.

మరునాడు పొద్దున్నే పోయాను. సంచిలోంచి కాంటా తీశాను. మాకిచ్చే కాంటా ఏముంటుంది, పైన కొక్కెం, మధ్యలో ముల్లు, కింద పిల్లను పడుకోబెట్టే గుడ్డ ఉయ్యాల. అవ్వ దాన్ని చూసి మంచం మీది నుంచి లేచింది.

"ఏందది?"

"కాంటా, అవ్వా. పిల్లను తూకం ఎయ్యాలె."

"ఎయ్యద్దు."

"ఎందుకు?"

"కాంటకు ఎక్కింది ఇంట్ల ఉండదు. నలభై ఏండ్ల సంది చేపలమ్ముతున్న. నేను తూకమేసినదొక్కటన్న నా గంపల మిగిలిందా? పోవుడే. కొనేటోడు సంచి పట్టుకోని నిలబడే ఉంటడు."

"దవాఖానల దినాం ఏసిండ్రు గదా!"

"గది దవాఖాన. ఇది నా గడప."

నేను అరిచాను. నచ్చజెప్పాను. మళ్లీ అరిచాను. మూడు రోజులు వరుసగా పోయాను. నన్ను చూడగానే అవ్వ పిల్లను ఒళ్లోకి తీసుకుని చీరకొంగు కప్పేసేది. గట్టిగా లాక్కునే పని కాదు కదా. ఇంత చిన్న పిల్ల పెరుగుతోందో తరుగుతోందో కంటికి తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ముందుగా చెప్పేది తూకం ఒక్కటే. ఆ ఒక్కదానికీ ఈ ముసలమ్మ అడ్డం కూర్చుంది. ఇంటికొచ్చి కూర మాడబెట్టాను, మా ఆయన మీద ఎగిరాను.

ఆ మాడిన కూర గిన్నె తోముతుంటే మా చిన్నాయన గుర్తొచ్చాడు. మాది వ్యవసాయం ఇల్లు. మా చిన్నాయనకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. అందుకని ఆయన్ను పుట్టగానే చేటలో వేసి పక్కింటామెకు తవుడుకు అమ్మారు. బిడ్డ ఇక ఈ ఇంటిది కాదని చావును మభ్యపెట్టడమన్నమాట. పెద్దయ్యాక కూడా ఆ పక్కింటామె దారిలో కనబడితే "నా కొడుకా" అని పిలిచేది, ఆయన సిగ్గుపడేవాడు. ఇది అవ్వకు తెలియకుండా ఉంటుందా?

మరునాడు పోయి కాంటా సంచి బయటే పెట్టి, అవ్వ ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, పిల్లను నాకు అమ్ము."

"ఏమన్నవ్?"

"తౌడుకు అమ్ము. కాంటకు ఎక్కింది నీ ఇంట్ల ఉండదంటివి గదా. ముందే నా పిల్లయితే ఇగ నీ ఇంట్లకెల్లి పోయేదేముంది? నా పిల్లను నేను కాంటకు ఎక్కిస్త, చెట్టుకు ఎక్కిస్త, నా ఇష్టం."

అవ్వ ఒళ్లోని పిల్లను చూసింది. నాదర్‌గుల్ విమానాల బడి నుంచి ఎగిరే చిన్న విమానం ఒకటి మా నెత్తి మీద గిర్రున ఒక చుట్టు తిరిగిపోయింది. అది పోయాక అవ్వ నోరు విప్పింది.

"తౌడు మిల్లుదా, దంచిందా?"

"దంచిన తౌడు ఇప్పుడేడిది అవ్వా?"

"గట్లయితే రెండు చేటలు."

"ఒక్కటి."

"ఆడపిల్ల. బంగారమసొంటి పిల్ల."

"ఒక్కటే ఇస్త. లేకుంటే వేరే ఇంట్ల కొనుక్కుంట."

తలుపు దగ్గర ఫక్కున నవ్వు వినబడింది. చూస్తే కోడలు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వుతోంది. అవ్వ ఆమె వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, "సరే తియ్, ఒక్కటే తే" అంది. ఆ నవ్వుకే ఒక చేట తగ్గించిందని నా అనుమానం.

ఆ పూటే వడ్ల మిల్లు దగ్గర తవుడు తెచ్చి చేట నిండా పోశాను. అవ్వ దాన్ని ఒక కుండలోకి ఒంపుకుంది. ఖాళీ చేటలో మెత్తటి చీరముక్క పరిచి, పిల్లను పడుకోబెట్టి, రెండు చేతులతో నాకు అందించింది. అందించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. "ఇగో, నీ పిల్ల" అంది. నేను గుడ్డలు విప్పి ఉయ్యాలలోకి మార్చి కాంటా ఎత్తాను. ముల్లు ఊగుతుండగానే అవ్వ గోడ వైపు చూస్తూ "కిలో ఏడువందలు" అంది. ముల్లు వచ్చి అక్కడే ఆగింది.

"తెలిసే ఉంటే మూడొద్దులు నన్నెందుకు తిప్పినవ్?" అని మండిపడ్డాను.

"నువ్వు కాంట ఎక్కిస్త అన్నవ్. ఎంతుంది అని అడగలే."

నా కోపం ఎటు పోవాలో తెలియక లోపలే ఉండిపోయింది.

ఎదకు కట్టడం నేర్పించాను. పిల్లకు టోపీ, మేజోళ్లు, లంగోటీ తప్ప ఇంకేం వద్దు, ఒంటికి ఒళ్లు తగలాలి, పైనుంచి చీర చుట్టాలి. నర్సమ్మ దీన్ని కంగారూ జంతువుతో పోల్చి చెప్పిందని అంటే అవ్వ చెయ్యి ఊపేసింది. "అదేందో నాకు తెల్వదు. కోడి పొదుగుడు తెలుసు. కోడి లేస్తే గుడ్డు సల్లబడ్తది, గంతే గదా?" అంది. గంతే. పుస్తకంలో నాలుగు పేజీలున్న ముచ్చట అవ్వ ఒక్క మాటలో తేల్చేసింది.

వారం తిరిగి మళ్లీ పోయేసరికి చలి బాగా ముదిరింది. చెరువు మీది గాలి ఇంట్లోకి సూదుల్లా దిగుతోంది. ఆ మధ్యలో చుట్టాలు వచ్చి నాలుగు రోజులు ఉండిపోయారు. మగవాళ్లు తిరిగే ఇంట్లో రవిక విప్పి పిల్లను కట్టుకోవడానికి కోడలు సిగ్గుపడి, పిల్లను స్వెట్టరులో, మందపాటి శాలువలో చుట్టి పడుకోబెట్టింది. "మస్తు మంచి పిల్ల అక్కా, ఏడ్వనే ఏడ్వదు, పండుకునే ఉంటది" అని మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిసిపోయాను. చలికి విప్పడమెందుకని శాలువతో సహా ఉయ్యాలలో వేసి ఎత్తాను. కిలో తొమ్మిదివందలు! వారంలో రెండువందల గ్రాములు! కోడలి భుజం మీద చరిచాను. నా పిల్లా మజాకా అన్నాను.

అవ్వ వచ్చి ఉయ్యాలలోంచి పిల్లను తీసుకుంది. శాలువలో చెయ్యి దూర్చి, వీపు కింద పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది.

"నీ పిల్ల తగ్గింది" అంది.

"ఏం మాట్లాడుతున్నవ్ అవ్వా! కాంటా కండ్ల ముందర చెప్తున్నది."

"నీ కాంట గుడ్డల్ని గూడ తూకమేసింది. ఇప్పు."

కోపంతోనే విప్పాను. అది అబద్ధమని చూపించాలని విప్పాను. శాలువ, స్వెట్టరు, లోపల ఇంకో గుడ్డ, అన్నీ తీసి ఒట్టి పిల్లను వేసి ఎత్తాను. ముల్లు కిలో ఆరువందల యాభై దగ్గర ఆగింది. మళ్లీ ఎత్తాను. మళ్లీ అక్కడే ఆగింది. పోయిన వారం కంటే యాభై గ్రాములు తక్కువ. ఏడవని పిల్ల మంచి పిల్ల కాదు, ఏడ్చే ఓపిక లేని పిల్ల. ఇది నేను వందసార్లు చదివాను, వందమందికి చెప్పాను. తప్పు కోడలిది కాదు, నాది. చేపలమ్మే ఏ ఇంట్లోనైనా కాంటా పళ్లెం బరువు తీసేసే తూకం వేస్తారు. ఆ మాత్రం బుద్ధి నాకు లేకపోయింది.

అవ్వ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను తన రవికలోకి దూర్చుకుని, కొంగు గట్టిగా బిగించుకుంటూ మెల్లగా అంది.

"ఆ పిలగాడు గూడ గిట్లనే బిడ్డా. కోహెడల రెండోనాడు పట్టుకున్న, నాలుగోనాడు పట్టుకున్న. తగ్గిండు. నా చేతికి తెలిసింది. ఎవ్వలికి చెప్పాల్నో తెల్వలే."

కోడలు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయితే ఏడుస్తూ కూర్చునే టైం కాదు. పక్క వీధిలో ఆటో పిలిచి, కోడలి ఎదకు పిల్లను కట్టించి, గంటన్నరలో దవాఖానలో ఉన్నాం. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. జ్వరం లేదు, రోగమేం లేదు, పాలు చాలడం లేదు, చప్పరించే బలం లేక నిద్రపోతోంది అంది. రెండు గంటలకోసారి లేపి, రొమ్ము పట్టించి, పిండిన తల్లిపాలు గిన్నెతో పట్టమంది. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేదని కూడా అంది. "ఎవరు కనిపెట్టారమ్మా?" అని నన్నడిగింది. నేను అవ్వ వైపు చూపించాను. అవ్వ తన చేతుల్ని కొంగు కింద దాచుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జాతరే. నేనే తిట్టి అటకెక్కించిన ఉగ్గుగిన్నెను నేనే దింపి, నీళ్లలో మరిగించి, దాంతోనే తల్లిపాలు పట్టించాను. "ముందు పారెయ్యమంటివి, ఇప్పుడు పట్టుమంటివి, ఆశమ్మ మాట ఆశమ్మకే తెల్వాలె" అని అవ్వ వీధి వీధంతా చెప్పింది. ఈసారి చుట్టాలు వస్తే వాకిట్లో చాపేసి అక్కణ్నుంచి అక్కడికే పంపించింది. చేతులు సబ్బుతో కడుక్కోనిదే పిల్లను ముట్టొద్దని నేనంటే, "చేపల వాసన పోతే గిరాకి నన్ను గుర్తువట్టరు" అని గొణుక్కుంటూనే మోచేతుల దాకా తోముకునేది.

కోడలు అలిసిపోతే పిల్లను కట్టుకోవడం కొడుకు వంతు. మగవాడి ఎద కూడా పనికొస్తుందని నేను చెబితే ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "వాని ఎద మీద బొచ్చు పోరికి గుచ్చుకుంటదేమో" అని అవ్వ బెంగ. పట్టుబట్టి కట్టించాను. వలలు తీసొచ్చి, స్నానం చేసి, అంగీ లోపల పిల్లను పెట్టుకుని, పొద్దుటెండలో వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చెరువు నుంచి తిరిగొచ్చే తోటివాళ్లు ఊరుకుంటారా?

"ఏం రా, ఎన్నో నెల?"

"నెలలు నిండినయ్. పక్కకు జరుగు, గాలి ఆడనియ్యి."

మొదటిరోజు మొహం కందగడ్డలా చేసుకున్నవాడు నాలుగు రోజులకు వాళ్లకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. "నవ్వకుండ్రి, నా గుండె సప్పుడుకు పండుకుంటున్నది" అనేవాడు. అంగీ గుండీల మధ్య నుంచి చిన్న టోపీ మాత్రం కనబడేది.

వారం వారం నేను కాంటా తెచ్చేదాన్ని. పిల్లను ఒట్టి ఒంటితో, ఉయ్యాల బరువు తీసేసి తూచేదాన్ని. అంతకన్నా ముందు అవ్వ చేతిలో పెట్టి "ఎంత?" అని అడిగేదాన్ని. ఒక వారం "పావు తక్కువ రెండు." తరువాతి వారం "రెండుకు ఇంకొంచెం తక్కువ." ఆ తరువాత "రెండుంబావు మీద." ముల్లు అవ్వ మాట ఒక్కసారి కూడా జవదాటలేదు. కానీ ఒకటి గమనించాను. అమ్మిన రోజు నుంచి అవ్వ ఆ పిల్లను తనదని ఎప్పుడూ అనలేదు. "నీ పిల్ల పాలు తాగింది," "నీ పిల్ల అంగీ మీద పోసింది," "నీ పిల్లకు నీ లెక్కనే కోపం" అనేది. నాకు నవ్వొచ్చేది. బేరం అంత గట్టిగా పాటిస్తుందా అనుకునేదాన్ని.

నేను కొన్నాక అయిదు వారాలు నిండిన రోజు పిల్ల రెండు కిలోల అయిదువందల యాభై తూగింది. గొంతు చించుకుని ఏడ్చింది కూడా. ఆ ఏడుపు విని వీధిలో ఆడవాళ్లు నవ్వుతూ వచ్చేశారు. నేను రిజిస్టరులో రాసుకుని, సంతోషంగా ఇంటికొచ్చాను.

మరునాడు పొద్దున బట్టలు ఉతుకుతుంటే మా గేటు చప్పుడైంది. చూస్తే అవ్వ. వెనకాల కోడలు, ఎద మీద పిల్ల. అవ్వ చంకలో కుండ. ఎన్నడూ మా గడప తొక్కని మనిషి. కుండ దింపి, "చేట తే" అంది. తెచ్చాను. కుండలోంచి తవుడు చేటలోకి ఒంపింది. నేనిచ్చిన తవుడే. ముక్కవాసన కొడుతోంది, పురుగులు మెదులుతున్నాయి.

"ఇన్నొద్దులు దాచినవా? పక్కింటోళ్ల బర్రెకు ఏసినవనుకున్న అవ్వా!"

"ఎట్లేస్త? పిల్ల ధర గది. పిడికెడన్న తరగనియ్యలే. దినాం పొద్దుగాల కుండ లేపి చేతుల పట్టుకోని చూసిన. ఇది తరిగితే పిల్ల తరుగుతదేమోనని బుగులు." చేతులు దులుపుకుంది. "నీ తౌడు నీకు ముట్టింది. పిల్లనియ్యి."

చేటను దగ్గరికి జరుపుకున్నాను. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"నేనియ్య. కిలో ఏడువందల పిల్లను కొన్న, రెండున్నర అయ్యింది. పెరిగినదానికేమిస్తవ్?"

"పెంచిందెవ్వలు? పాలెవ్వలియి? ఎద ఎవ్వలది? నువ్వు కాంట పట్టుకోని నిలబడ్డవ్, గంతే. అది గూడ సక్కగ పట్టుకోలే!"

కోడలు పడీ పడీ నవ్వింది. చేతులు తుడుచుకుని, కోడలి ఎద మీది నుంచి పిల్లను తీసుకున్నాను. వెచ్చగా, బరువుగా ఉంది. అయిదు వారాలు అది ఉత్త మాటకే నా పిల్ల. అయినా ఇచ్చేయాలంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "ఇగో అవ్వా" అని ఆమె చేతుల్లో పెట్టాను.

అవ్వ ఎప్పట్లాగే వీపు కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఏ చేపనూ అంతసేపు పట్టుకోగా నేను చూడలేదు. కండ్లు మూసుకుంది. నేను అలవాటు చొప్పున అడిగాను.

"ఎంతున్నదవ్వా?"

అవ్వ అంకె చెప్పలేదు.

"మా పోరి గదా," అంది కండ్లు తెరవకుండానే. "మా పోరంత ఉన్నది."